ఒంటిచేత్తో కార్టూన్ చేసేవాళ్లకి ఓపెన్‌టూన్జ్ ఎంతవరకు పనికొస్తుంది?

ఒక్కరే కూర్చుని వెబ్ కార్టూన్ చేయాలంటే ముందు లెక్క చూసుకోవాలి. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు, మూడు నిమిషాల కథకి 2,160. సగం గీశాక, పాత్ర చొక్కా పసుపు బదులు ఆకుపచ్చైతే రాత్రి సీన్లో బాగుంటుందని తోస్తుంది. తోచింది చేసుకోగలమా, గీసినవన్నీ చూసి వదిలేసుకుంటామా అన్నది చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. ఓపెన్‌టూన్జ్‌ని గట్టిగా సిఫారసు చేయడానికి మొదటి కారణం అదే.

ఇటలీకి చెందిన డిజిటల్ వీడియో సంస్థ తయారుచేసిన టూన్జ్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ని జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ ఏళ్ల తరబడి వాడింది. 2016 మార్చిలో జపాన్ సంస్థ డ్వాంగో దాన్ని ఓపెన్ సోర్స్ చేసింది, అదే ఓపెన్‌టూన్జ్. డబ్బు కట్టక్కర్లేదు, చేసిన కార్టూన్ అమ్ముకోవడానికీ అడ్డు లేదు.

ఇందులో బొమ్మల వరుసని లెవెల్ అంటారు. వెక్టర్ (గీతల్ని లెక్కలుగా దాచేది), స్మార్ట్ రాస్టర్, మామూలు రాస్టర్ (పిక్సెళ్లుగా, అంటే రంగు చుక్కలుగా దాచేది) అని మూడు రకాలు. చేత్తో ఫ్రేము ఫ్రేమూ గీసేవాళ్లకి స్మార్ట్ రాస్టరే సరైనది (పాత వెర్షన్లలో దీని పేరు టూన్జ్ రాస్టర్). ఇందులో పిక్సెల్‌కి రంగు ఉండదు, రంగు నంబరు ఉంటుంది: గీతది ఒకటి, లోపల నింపినదానిది ఇంకొకటి. ఆ నంబరు ఏ రంగో పాలెట్ చెబుతుంది. చొక్కాకి 5వ నంబరు ఇచ్చామనుకోండి, దాన్ని పాలెట్‌లో పసుపు నుంచి ఆకుపచ్చకి జరిపితే, ఆ లెవెల్లో 300 బొమ్మలున్నా చొక్కా అన్నింటిలోనూ ఒకేసారి మారిపోతుంది. అందుకే చొక్కా, టోపీ రెండూ ఇప్పటికి ఒకే పసుపైనా వాటికి వేరువేరు నంబర్లు పెట్టండి. తర్వాత విడదీయాలంటే బొమ్మ బొమ్మకీ మళ్లీ నింపుకోవాలి.

పాలెట్ లెవెల్‌తో పాటు ఉంటుంది. తల, ఒళ్లు, చేతులు మూడు లెవెళ్లలో గీస్తే చర్మం రంగు మూడు చోట్లా మార్చాల్సి వస్తుంది. రంగుల్ని ముందే స్టూడియో పాలెట్‌లో (లెవెళ్లన్నింటికీ ఉమ్మడిగా వాడుకునే రంగుల పెట్టె) పెట్టి అక్కడి నుంచి తెచ్చుకుంటే లింకు నిలుస్తుంది, ఆ తిప్పలు తప్పుతాయి.

రంగు నింపేటప్పుడు గీతలో సన్నని సందున్నా రంగు బయటికి పొర్లుతుంది. ఫిల్ టూల్లో ఆటోక్లోజ్ పెడితే చిన్న సందులు మూసుకుంటాయి. పెద్దవాటిని టేప్ టూల్‌తో అతకాలి. ఆటోక్లోజ్ దూరం మరీ పెంచారో, వేళ్ల మధ్య కావాలని వదిలిన ఖాళీలు కూడా మూసుకుపోతాయి. నీడ అంచుకి గీసే గీతకి 'ఆటోపెయింట్ ఫర్ లైన్స్' పెట్టి చూడండి: పక్కన రంగు నింపగానే గీత కూడా ఆ రంగులోకి కలిసిపోతుంది. చెంప మీద నీడ పడాలి, నల్లగీత కనపడకూడదు అన్నచోట ఇంత శుభ్రంగా పని జరగడం చూస్తే ముచ్చటేస్తుంది.

టైమింగ్ అంతా ఎక్స్‌షీట్ అనే పట్టికలో. ఫ్రేములు పైనుంచి కిందికి, లెవెళ్లు పక్కపక్కన. అడ్డంగా ఉండే టైమ్‌లైన్ కూడా ఉంది గానీ, ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలిచిందో నంబర్లలో చదువుకోవడానికి ఎక్స్‌షీటే మేలు. బొమ్మలన్నీ వరుసగా పెట్టి 'రీఫ్రేమ్'లో రెండు ఎంచుకుంటే ఒక్కోటి రెండు ఫ్రేములవుతుంది. మాటలకి నోళ్లు విడి లెవెల్లో గీసుకోండి, పది చాలు. తెలుగు సంభాషణకి వాటిని చేత్తోనే పేర్చడం నయం. ప, బ, మ దగ్గర మూసిన నోరు కనీసం రెండు ఫ్రేములైనా నిలవాలి, లేకపోతే పెదాలు కలిసినట్టే కనపడదు.

ఇక ఇబ్బందులు. అన్నిటికన్నా పెద్దది సేవ్. సీన్ ఫైలులో ఎక్స్‌షీట్ అమరిక, కెమెరా కదలికలే ఉంటాయి. బొమ్మలు, పాలెట్లు విడి ఫైళ్లు. 'సేవ్ సీన్' మాత్రమే నొక్కి మూసేస్తే గీసిన బొమ్మలు పోవచ్చు. 'సేవ్ ఆల్' అలవాటు చేసుకోండి. ఆటోసేవ్ ఆపేసి వస్తుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేసిన రోజే ప్రిఫరెన్సెస్‌లో ఆన్ చేయండి. ఇంకొకరికి పంపేటప్పుడు సీన్ ఫైలు ఒక్కటే పంపితే అటువైపు ఖాళీ డబ్బాలే కనపడతాయి, మొత్తం ప్రాజెక్టు ఫోల్డర్ పంపాలి.

బయట వేసిన బ్యాక్‌గ్రౌండ్ తెస్తే ఒక్కోసారి మరీ చిన్నగానో, మరీ పెద్దగానో కనిపిస్తుంది. బొమ్మ డీపీఐకీ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) సీన్‌ని చూపే కెమెరా డీపీఐకీ పొంతన లేకపోవడమే కారణం. లెవెల్ సెట్టింగ్స్‌లో 'యూజ్ కెమెరా డీపీఐ' పెడితే సర్దుకుంటుంది. అవుట్‌పుట్‌లో ఎంపీ4 కనపడకపోతే వీడియో ఫైలు తయారుచేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే విడి ప్రోగ్రామ్ ఓపెన్‌టూన్జ్‌కి దొరకలేదని అర్థం. ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ దారి ప్రిఫరెన్సెస్‌లో ఇవ్వాలి.

మెనూలు మొదటి రెండు వారాలు విసిగిస్తాయి, దాచడం ఎందుకు. నీటిరంగుల్లాంటి మెత్తని బ్రష్ పని ఆశించేవాళ్లకి స్మార్ట్ రాస్టర్ తృప్తినివ్వదు. అలాంటి బ్యాక్‌గ్రౌండ్లు కృతా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో వేసి పీఎన్‌జీగా ఇక్కడికి తెచ్చుకుని, పాత్రల్ని మాత్రం ఇందులోనే గీయండి.