విండోస్ 10 టెక్నికల్ ప్రివ్యూ: పది నెలల వాడకం తర్వాత

విడుదలకు ముందే వాడి చూసేందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన విండోస్ 10 టెక్నికల్ ప్రివ్యూను 2014 అక్టోబరు మొదటి వారంలో నా పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించాను. అప్పటి నుంచి 2015 జులై 29న అసలు విండోస్ 10 విడుదలయ్యేదాకా రోజూ దాని మీదే పనిచేశాను. నా పని పత్రాలు, లెక్కల పట్టికలు, ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్, పదిపదిహేను ట్యాబులు తెరిచి ఉంచిన బ్రౌజర్ మధ్య సాగుతుంది. కాబట్టి ఇక్కడ ఆటల గురించి గానీ, టచ్ తెరల గురించి గానీ రాయడం లేదు. కీబోర్డు, మౌసుతో రోజంతా పనిచేసేవారికి ఈ ప్రివ్యూ ఎలా పనికొచ్చిందో, ఎక్కడ అడ్డుపడిందో రాస్తున్నాను. ప్రివ్యూల మీద వెలువడే అభిప్రాయాల్లో చాలావాటిని రెండు మూడు రోజుల వాడకంతోనే రాశారని చదువుతుంటేనే తెలిసిపోతుంది. స్టార్ట్ మెనూ బాగుందనో బాగాలేదనో చెప్పడానికి ఆ రెండు రోజులు చాలు. కానీ ప్రివ్యూ నెలనెలా మారే వస్తువు. అది వాడేవారి మాట విని మారుతోందా, వినకుండా మారుతోందా అన్నది నెలల తరబడి వాడితే తప్ప తేలదు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా దాని గురించే.

ఈ ప్రశ్న నాకు ఎందుకంత ముఖ్యమైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8 స్టార్ట్ బటన్‌నూ, స్టార్ట్ మెనూనూ రెండింటినీ తీసేసి, వాటి స్థానంలో తెర నిండా ప్రోగ్రాముల పలకలు (టైల్స్) పరిచింది. దానికి ముందు వచ్చిన ప్రివ్యూలలోనే ఎంతోమంది ఈ మార్పు వద్దని చెప్పారు, అయినా విడుదలైన సిస్టమ్‌లో అది అలాగే నిలిచింది. ఏడాది తర్వాత 8.1లో బటన్ తిరిగి వచ్చింది గానీ, దాన్ని నొక్కితే తెరుచుకునేది మాత్రం ఆ పలకల తెరే. అందుకే 2014 సెప్టెంబరు 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో విండోస్ 10ను పరిచయం చేస్తూ, వాడేవారి అభిప్రాయాలతోనే దీన్ని తయారుచేస్తామని, అందుకోసం ఇన్‌సైడర్ ప్రోగ్రామ్ పెడుతున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించినప్పుడు, ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో స్వయంగా చూడాలనిపించింది. మర్నాడే 9841 బిల్డ్, అంటే తయారీలో ఉన్న సిస్టమ్‌కు ఆ సంఖ్య వేసి ఇచ్చిన కూర్పు, అందుబాటులోకి వచ్చింది.

మొదట దాన్ని వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటరు లోపలే ఇంకో కంప్యూటరులా నడిచే ప్రోగ్రాములో, పెట్టి చూశాను. అది చాలదని మూడో రోజుకే అర్థమైంది. మూత మూస్తే నిద్రలోకి వెళ్లడం, తెరిస్తే లేవడం, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, టచ్‌ప్యాడ్ మీద వేలు ఎలా నడుస్తుంది అన్నవేవీ వర్చువల్ మెషీన్‌లో పరీక్షకు రావు. అందుకని 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో డిస్కు మొత్తం బ్యాకప్ తీసుకుని అసలు హార్డ్‌వేర్ మీదే ఎక్కించాను. 64 బిట్ రకానికి 2 జీబీ ర్యామ్ చాలని ముందే చెప్పారు. నా దాంట్లో అది 8.1 నడిచినంత వేగంగానే నడిచింది, చాలా రోజుల్లో బూటింగ్ అంతకంటే త్వరగా అయ్యింది.

అందరూ స్టార్ట్ మెనూ గురించే మాట్లాడుతున్న ఆ మొదటి వారంలో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది కమాండ్ ప్రాంప్ట్. ఏళ్ల తరబడి ఆ నల్ల కిటికీలో ఏదైనా అతికించాలంటే మౌసుతో కుడి క్లిక్ చేసి, మెనూలో పేస్ట్ వెతుక్కోవాల్సి వచ్చేది. 9841లో కంట్రోల్ వి నొక్కగానే ఒక పొడవాటి ఫోల్డర్ దారి మొత్తం ఒక్కసారిగా వచ్చి పడింది. షిఫ్ట్‌తో అక్షరాలను ఎంచుకోవచ్చు. కిటికీని వెడల్పు చేస్తే లోపలి వరుసలు కూడా దానితోపాటే సర్దుకుంటున్నాయి. వీటన్నిటినీ ప్రాపర్టీస్‌లో ఎక్స్‌పెరిమెంటల్ అనే కొత్త ట్యాబ్‌లో, ఒక్కొక్కదాని పక్కన టిక్ పెట్టుకునేలా అమర్చారు. రోజుకు వందసార్లు చేసే పనిలో ఒక్కో క్లిక్ తగ్గితే ఎంత హాయిగా ఉంటుందో ఆ పని చేసేవారికే తెలుస్తుంది. పెద్ద పెద్ద బొమ్మలతో ప్రచారం చేయని ఇలాంటి మార్పును పట్టించుకున్నవారి మీద నాకు గౌరవం కలిగింది.

కిటికీల అమరిక కూడా అలాగే నా పనిని నేరుగా మార్చింది. ఒక కిటికీని తెర అంచుకు తోస్తే అది సగం తెరలో కూర్చోవడం విండోస్ 7 నుంచీ ఉన్నదే. ఇక్కడ మూలకు తోస్తే పావు తెరలో కూర్చుంటుంది. సగానికి తోయగానే మిగిలిన సగంలో, తెరిచి ఉన్న ఇతర కిటికీలు చిన్న బొమ్మలుగా కనిపించి, ఏది కావాలో ఎంచుకోమంటాయి. ఎడమవైపు పాత లెక్కల పట్టిక, కుడివైపు పైన కొత్తది, కింద మెయిల్ పెట్టుకుని సరిచూసే పని నాకు వారానికి రెండుసార్లయినా ఉంటుంది. ఇదివరకు కిటికీల అంచులు పట్టుకుని లాగి సర్దుకునేందుకే కొంత సమయం పోయేది.

ఒకే తెర మీద విడివిడిగా పెట్టుకునే వర్చువల్ డెస్క్‌టాప్‌లు లినక్స్ వాడేవారికి ఎప్పటి నుంచో అలవాటు. విండోస్‌లో మాత్రం ఇవి సిస్టమ్‌తోపాటే రావడం ఇదే మొదలు. విండోస్ కీ, కంట్రోల్, డి కలిపి నొక్కితే కొత్త డెస్క్‌టాప్ వస్తుంది, డి బదులు బాణం కీ నొక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లవచ్చు. మొదటి బిల్డులలో, వేరే డెస్క్‌టాప్‌లో తెరిచిన ప్రోగ్రాముల గుర్తులు కూడా ఈ డెస్క్‌టాప్ టాస్క్‌బార్‌లో కింద గీతతో కనిపించేవి. లెక్కల పనిని ఒకచోట, రాతపనిని ఇంకోచోట పెట్టుకున్నదే ఒకటి రెండోదాని కంట పడకూడదని గదా! ఆ మాటే విండోస్ ఫీడ్‌బ్యాక్ అనే యాప్‌లో రాసి పంపాను. నాలాగే అడిగినవారు చాలామంది ఉన్నారు, అన్నీ కనిపించాలని కోరినవారూ ఉన్నారు. తర్వాతి బిల్డులలో ఏ డెస్క్‌టాప్ కిటికీలు దానికే కనిపించేలా మార్చి, చివరికి రెండు పద్ధతుల్లో ఏది కావాలో ఎవరికి వారు సెట్టింగ్స్‌లో ఎంచుకునే వీలు ఇచ్చారు. ఒకరి మాట నెగ్గి ఇంకొకరిది ఓడిపోకుండా చేసిన ఈ పరిష్కారం నాకు ఈ పది నెలల్లో బాగా నచ్చిన వాటిలో ఒకటి. అదే విధంగా, టాస్క్‌బార్‌లో కొత్తగా వచ్చి చేరిన సెర్చ్, టాస్క్ వ్యూ గుర్తులను తీసేసే అవకాశం 9841లో లేదు, 9879 నాటికి వచ్చింది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరవగానే ఇటీవలి ఫైళ్లు కాకుండా దిస్ పీసీయే కనిపించాలని అడిగినవారికి కూడా ఆ ఎంపిక దక్కింది.

అయితే బిల్డ్ మారడం అంటే చిన్న అప్‌డేట్ కాదని కొత్తగా చేరేవారికి గట్టిగా చెప్పాలి. ప్రతిసారీ మొత్తం సిస్టమ్ కొత్తగా దిగుతుంది, కంప్యూటరు మూడు నాలుగు సార్లు రీస్టార్ట్ అవుతుంది, ఆ సేపు ఇంకే పనీ చేయలేం. నవంబరులో 9879 ఎక్కించిన రాత్రి అంతా పూర్తయి డెస్క్‌టాప్ రాగానే వైఫై గుర్తు మీద ఎర్ర ఇంటూ కనిపించింది. డివైస్ మేనేజర్ తెరిస్తే వైఫై కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం ఉంది. ఆ చిప్ తయారుచేసిన సంస్థ, దాన్ని సిస్టమ్‌తో కలిపి నడిపే డ్రైవర్‌ను రెండేళ్లుగా ముట్టుకోలేదు. పాత డ్రైవర్‌నైనా దించుకుందామంటే అందుకు నెట్ లేదు. చివరికి ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, దాని నెట్ మీద 8.1 కోసం చేసిన డ్రైవర్‌ను దించుకుని, డివైస్ మేనేజర్‌లో దాని దారి చేత్తో చూపించి ఎక్కిస్తే గానీ వైఫై లేవలేదు. అప్పటికి రాత్రి ఒంటిగంట దాటింది. ఆ రోజు నుంచి వైఫై, గ్రాఫిక్స్, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు మూడూ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ప్రతి బిల్డ్‌కు ముందు దాన్ని పక్కన ఉంచుకున్నాను. ప్రింటర్ సంస్థ అయితే, ప్రివ్యూల మీద వచ్చే సమస్యలను తాము చూడమని ఒక్క వాక్యంలో జవాబు పంపింది. అది వారి హక్కే కావచ్చు. కానీ సిస్టమ్ విడుదలైన రోజునే తమ ప్రింటర్ పనిచేయాలంటే పరీక్షించాల్సిన కాలం ఇదే కదా! ప్రివ్యూ కాలంలో నేను పడ్డ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇలా బయటి సంస్థల డ్రైవర్ల దగ్గర పడినవే.

2015 జనవరి 23న వచ్చిన 9926తో ప్రివ్యూ రూపురేఖలు బాగా మారాయి. మాటతో అడిగితే జవాబిచ్చే కోర్టానా వచ్చింది, సెట్టింగ్స్ యాప్ కొత్తగా తయారైంది, స్టార్ట్ మెనూను మళ్లీ మొదటి నుంచి రాశారు. ఆ రాతలో, మొదటి బిల్డులో అంచు పట్టుకుని సాగదీసుకునే వీలు ఉన్న మెనూ ఆ వీలును పోగొట్టుకుంది. ఏప్రిల్‌లో 10061 వచ్చాకే అది తిరిగి దక్కింది. ఉన్నది పోతే వాడేవారికి కోపం రావడం సహజం. కానీ కట్టడం మధ్యలో గోడ ఒకటి పడగొట్టి కట్టడం ప్రివ్యూలో తప్పు కాదని నా ఉద్దేశం, ఎప్పుడు తిరిగి కడతారో చెబితే చాలు. ఇన్‌సైడర్ ప్రోగ్రామ్ తరఫున గేబ్ ఆల్ ప్రతి బిల్డ్‌తోపాటు అందులో తెలిసిన లోపాలు ఏమిటో రాస్తూ వచ్చారు. ఆ ప్రకటన చదివాకే బిల్డ్ ఎక్కించడం నేను అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు జూన్ చివర మేలు చేసింది. ప్రాజెక్ట్ స్పార్టన్ అన్న బ్రౌజర్ 10158 బిల్డులో ఎడ్జ్‌గా పేరు మార్చుకున్నప్పుడు, స్పార్టన్‌లో దాచుకున్న ఫేవరెట్స్ కొత్తదానికి రావని ముందే హెచ్చరించారు. చదివినందువల్ల నావి జాగ్రత్త చేసుకోగలిగాను. ఆ బ్రౌజర్ తేలిగ్గా, వేగంగా ఉంది గానీ అదనపు సదుపాయాలు చేర్చుకునే ఎక్స్‌టెన్షన్లు లేకుండానే విడుదలైంది, అందుకని నా రోజువారీ బ్రౌజర్ మారలేదు.

సెట్టింగ్స్ విషయంలో మాత్రం నేను తృప్తి పడలేదు. కొత్త సెట్టింగ్స్ యాప్, పాత కంట్రోల్ ప్యానెల్ రెండూ చివరిదాకా పక్కపక్కనే ఉండిపోయాయి. పవర్ ప్లాన్ మార్చాలంటే కొత్తదాంట్లో మొదలుపెట్టి, ఒక లింకు నొక్కి పాతదాంట్లోకి వెళ్లాలి. ఏది ఎక్కడ ఉందో ఇంట్లో పెద్దవారికి ఫోన్‌లో చెప్పాల్సి వస్తే ముందు ఏ కిటికీ తెరిచారో అడిగి తెలుసుకోవాలి. పది నెలల్లో ఈ పని పూర్తికాకపోవడం చిన్న లోపం కాదు.

అంతకంటే ఎక్కువ బాధ కలిగించింది, ఫైళ్లను నెట్‌లో దాచుకునే మైక్రోసాఫ్ట్ సేవ వన్‌డ్రైవ్‌లో వచ్చిన మార్పు. 8.1లో వన్‌డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ, డిస్కు మీదికి దిగకపోయినా, ఎక్స్‌ప్లోరర్‌లో పేర్లతో సహా కనిపించేవి. తెరిస్తే అప్పుడు దిగేవి. తక్కువ డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌లకు అంతకంటే మంచి సదుపాయం లేదు. 9879లో దాన్ని తీసేసి, ఏ ఫోల్డర్లు కావాలో ముందే ఎంచుకుని దించుకునే పద్ధతి పెట్టారు. ఫైలు కనిపిస్తోంది కదా అని నెట్ లేని చోటికి వెళ్లి తెరవబోతే తెరుచుకోక వాడేవారు అయోమయపడుతున్నారన్నది మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కారణం. ఆ అయోమయం నిజమే, నేనూ ఎదుర్కొన్నాను. అయినా దిగిన ఫైలుకూ, దిగనిదానికీ తేడా తెలిసేలా ఒక గుర్తు పెట్టి ఉంటే సరిపోయేది. ఎంతోమంది అడిగారు. 2015లో విడుదలైనప్పుడు విండోస్ 10లో ఆ సదుపాయం లేదు.

సమాచార సేకరణ గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. ప్రివ్యూ నిబంధనల్లోనే, మనం టైప్ చేసే అక్షరాలతో సహా వాడకం వివరాలు సేకరించవచ్చని రాసి ఉండేది. పరీక్ష కోసం ఇచ్చిన సిస్టమ్ ఎక్కడ తడబడుతోందో తెలుసుకోవాలంటే కొంత సమాచారం కావాలి, దాన్ని దాచకుండా రాశారు కూడా. అందుకని తప్పు పట్టను. కానీ బ్యాంకు పనులు, ఇతరుల సొంత పత్రాలు ఉన్న పని ఈ ల్యాప్‌టాప్ మీద ఒక్కసారి కూడా చేయలేదు. ప్రివ్యూ వాడదలచినవారు ఇంకేమి చేసినా చేయకపోయినా ఈ ఒక్కటి పాటించాలి.

బిల్డులు త్వరగా అందే ఫాస్ట్, ఆలస్యంగా అందే స్లో అని అప్పట్లో రెండు దారులు ఉండేవి. నేను ఫిబ్రవరి దాకా ఫాస్ట్‌లో ఉండి, తర్వాత స్లోకు మారి, జూన్ చివర మళ్లీ ఫాస్ట్‌కు వెళ్లాను. జూన్ 29న 10158, మర్నాడు 10159, జులై 2న 10162 వచ్చాయి. ఒకదాన్ని వాడి అభిప్రాయం రాసేలోపు ఇంకొకటి సిద్ధంగా ఉండేది. ఆ వారంలో పంపిన అభిప్రాయాలను చదివి మార్పులు చేసే వ్యవధి ఎవరికీ ఉండి ఉండదని నాకనిపించింది. మొదటి నెలల్లో వారాల తరబడి వాడి, ఆలోచించి రాసిన మాటకు ఉన్న విలువ ఆ చివరి వారాల్లో తగ్గిపోయింది. విడుదల తేదీ ముందే ప్రకటించాక అలా జరగక తప్పదేమో గానీ, వాడేవారితో కలిసి తయారుచేస్తామన్న మాటకు అది తగినట్టుగా లేదు.

జులై 15న 10240 వచ్చింది. పది నెలలుగా డెస్క్‌టాప్ కుడివైపు కింది మూలన ప్రివ్యూ అనీ, బిల్డ్ సంఖ్య ఇంత అనీ రాసి ఉండే అక్షరాలు ఆ రోజు లేవు. ఆ ఖాళీ మూలను కాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆగస్టులో నా ముఖ్యమైన కంప్యూటరులో కూడా విండోస్ 10 ఎక్కించాను, నచ్చకపోతే 30 రోజుల్లో పాతదానికి వెళ్లే వీలున్నా వెళ్లలేదు. ల్యాప్‌టాప్‌ను మాత్రం ఇన్‌సైడర్ ప్రోగ్రామ్‌లోనే ఉంచాను. వన్‌డ్రైవ్ గురించి ఫీడ్‌బ్యాక్ యాప్‌లో నేను రాసిన అభ్యర్థన అప్పటికి ఇంకా అక్కడే ఉండేది, తామూ అదే కోరుతున్నామని నొక్కినవారి సంఖ్య దాని పక్కన పెరుగుతూనే ఉండేది.