టెక్సాస్ హోల్డెమ్: చాలాకాలం ఆడి, నేర్పాక మా సమీక్ష

టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ పేకాట పావుగంటలో వచ్చేస్తుందని చెప్పే వీడియోలు కొల్లలు. ముక్కల వరకూ ఆ మాట నిజమే. తలా రెండు ముక్కలు బోర్లించి పంచుతారు, బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు పరుస్తారు, ఆ ఏడింటిలోంచి మేలైన ఐదు ఎవరికి కుదిరితే పాట్, అంటే పోగైన పందెం మొత్తం, వాళ్లది. చాలాకాలంగా ఆడుతూ, కొత్తవాళ్లకు నేర్పుతూ వస్తున్న మాకు తేలింది వేరు. బల్ల దగ్గర పేచీలన్నీ బెట్టింగ్ నియమాల దగ్గరే పుడతాయి. నేర్చుకునేవాళ్లు మాత్రం ఉన్న ఓపికంతా హ్యాండ్ల (ఐదు ముక్కల కూర్పుల) పట్టిక బట్టీ పట్టడానికే ఖర్చు పెడతారు.

ఆ పట్టిక కింది నుంచి పైకి ఇలా ఉంటుంది: ఏదీ కుదరకపోతే పెద్ద ముక్క, ఆపైన ఒక జత, రెండు జతలు, ఒకే అంకెవి మూడు, స్ట్రెయిట్ (వరుసగా ఐదు), ఫ్లష్ (ఇస్పేటు, ఆఠీను లాంటి ఒకే రంగువి ఐదు), ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, ఇంకో జత), ఒకే అంకెవి నాలుగు, స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే రంగులో వరుసగా ఐదు). ఫ్లష్ పెద్దదా స్ట్రెయిట్ పెద్దదా అని తడబడేవాళ్లకు లెక్క చెబితే మళ్లీ మరచిపోరు. 52 ముక్కల్లోంచి ఐదేసి చొప్పున 25,98,960 రకాలుగా తీయవచ్చు. అందులో స్ట్రెయిట్‌లు 10,200, ఫ్లష్‌లు 5,108. అరుదైనదే పెద్దది. మూడు ముక్కలతో ఆడే పోకర్‌లో ఈ లెక్క తిరగబడుతుంది, అక్కడ స్ట్రెయిట్ ఫ్లష్‌ను కొడుతుంది. ఆ ఆట అలవాటైనవాళ్లు ఇక్కడ బోల్తా పడేది అందుకే. ఆసు పైనా కిందా పనికొస్తుంది కానీ మధ్యలో కాదు: ఆసు-2-3-4-5 చెల్లుతుంది, రాణి-రాజు-ఆసు-2-3 చెల్లదు. ఇస్పేటు, ఆఠీను అంటూ రంగుల్లో ఎక్కువ తక్కువలు లేవు.

పట్టిక కన్నా కష్టమైనది కిక్కర్, అంటే జతకు తోడుండే విడి ముక్క. బల్ల మీద ఆసు-9-7-5-2 ఉండి, ఒకరి చేతిలో ఆసు-రాజు, మరొకరి చేతిలో ఆసు-రాణి ఉంటే రాజు ఉన్నవాళ్లది గెలుపు. ఇది అందరికీ తెలుస్తుంది. బల్ల మీద ఆసు-రాజు-రాణి-9-7 ఉన్నప్పుడు ఆసు-8 ఉన్నవాళ్లు ఆసు-3 ఉన్నవాళ్లను గెలిచామనుకుని చిప్స్ (పందెం బిళ్లలు) లాగేసుకుంటారు. తప్పు. ఇద్దరి ఐదు ముక్కలూ ఆసు-ఆసు-రాజు-రాణి-9, 8కి చోటే లేదు. పాట్ చెరిసగం. సమంగా చీలకుండా ఒక చిప్ మిగిలితే అది పంచే వంతుకు గుర్తైన బటన్‌కు ఎడమవైపు ముందుగా కూర్చున్నవాళ్లకు పోతుంది.

రెండు జతలున్నాయని ధీమాగా కూర్చున్నవాళ్లకు తగిలే దెబ్బ ఇంకోటుంది. చేతిలో 6-5, ఫ్లాప్ (బల్ల మీద మొదటి మూడు ముక్కలు) రాణి-6-5. ఎదుటివాళ్ల దగ్గర ఆసుల జత. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, 2 వచ్చింది, ఫరవాలేదు. రివర్‌లో, అంటే ఐదో ముక్కగా, ఇంకో రాణి పడితే మీ ఐదులు విలువ కోల్పోతాయి: మీవి రాణులు-ఆరులు, వాళ్లవి ఆసులు-రాణులు. మూడు జతలని హ్యాండ్ ఏదీ లేదు. ఆట కట్టు.

ఇక బెట్టింగ్. పంచే వంతుకు గుర్తు బటన్, అది ప్రతి ఆటకూ ఒక స్థానం ఎడమకు జరుగుతుంది. బటన్ పక్కవాళ్లు స్మాల్ బ్లైండ్ అనే చిన్న పందెం, ఆ తర్వాతివాళ్లు బిగ్ బ్లైండ్ అనే పెద్ద పందెం ముక్కలు చూడకముందే పెట్టాలి. మొదటి రౌండు బిగ్ బ్లైండ్ పక్కనున్నవాళ్లతో మొదలవుతుంది. అందరూ కాల్ (ఉన్న పందేనికి సమంగా పెట్టడం) మాత్రమే చేసినా బిగ్ బ్లైండ్‌కు రైజ్ చేసే (పందెం పెంచే) హక్కు మిగిలే ఉంటుంది. పంచేవాళ్లు తొందరపడి ఆ వంతు రాకముందే ఫ్లాప్ తిప్పేయడమే కొత్త బల్లల మీద ఎక్కువగా కనిపించే పొరపాటు. ఫ్లాప్ నుంచి మాత్రం బటన్‌కు ఎడమనున్నవాళ్లు ముందు ఆడాలి. ఫ్లాప్ మూడు ముక్కలు, టర్న్ ఒకటి, రివర్ ఒకటి. ప్రతిసారీ తిప్పేముందు పైముక్క ఒకటి పక్కన పడేయాలి, పైముక్క వెనక ఏ గీతో మచ్చో ఉంటే ఎవరూ దాన్ని వాడుకోకుండా.

రైజ్ ఎంతకు చేయాలన్నది చాలామంది తప్పుగా నేర్చుకుంటారు. బెట్టును రెట్టింపు చేయాలన్నది నియమం కాదు. అంతకుముందు ఎంత పెంచారో కనీసం అంతే మళ్లీ పెంచాలి. ఒకరు 40 బెట్ పెట్టారు, ఇంకొకరు దాన్ని 100 చేశారు. పెరిగింది 60. మూడో వ్యక్తి కనీసం 160కి పోవాలి, 200కి కాదు. ఎవరి దగ్గరైనా అంత లేక ఉన్నదంతా పెట్టి 130కే ఆల్ ఇన్ అయితే అది పూర్తి రైజ్ కాదు. అప్పటికే 100 పెట్టేసినవాళ్లు దాన్ని కాల్ చేయొచ్చు, ఫోల్డ్ చేయొచ్చు (ముక్కలు పడేసి తప్పుకోవచ్చు), మళ్లీ రైజ్ చేసే వీలు లేదు.

నోటి మాటే ఖరారు. "కాల్... ఆపైన ఇంకో యాభై" అంటే అది కాలే, ఆ యాభై వెనక్కి తీసుకోవాలి. బెట్ 10 ఉన్నప్పుడు ఏమీ అనకుండా ఒకే ఒక్క 100 చిప్ విసిరితే అదీ కాలే, 90 చిల్లర వెనక్కి వస్తుంది. రైజ్ చేయాలనుంటే చిప్ చేయి దాటకముందే నోరు తెరవాలి. ఈ రెండూ ఆట మొదలెట్టకముందే అందరికీ చెప్పేయండి, సగం అరుపులు తగ్గుతాయి.

ఎవరి చిప్స్ అయినా ముందే అయిపోతే విడిగా తీసే సైడ్ పాట్‌కు భయపడక్కర్లేదు, తక్కువ ఉన్నవాళ్ల నుంచి లెక్క మొదలుపెడితే చాలు. ముగ్గురి దగ్గర 100, 250, 600 ఉండగా ముగ్గురూ ఆల్ ఇన్. ముందు తలా 100 లాగితే మెయిన్ పాట్ 300. మిగతా ఇద్దరి నుంచి తలా 150 తీస్తే సైడ్ పాట్ 300. 600 పెట్టినవాళ్లకు 350 తిరిగొస్తుంది. 100 పెట్టినవాళ్లకు ఎంత గొప్ప హ్యాండ్ పడ్డా దక్కేది ఆ మొదటి 300 మాత్రమే. ముక్కలు చూపేటప్పుడు సైడ్ పాట్ ముందు తేల్చి, మెయిన్ పాట్ తర్వాత తేల్చడం మంచిది.

మొబైల్ యాప్‌లు నేర్చుకోవడానికి సగమే పనికొస్తాయి. వంతు ఎవరిది, కనీస రైజ్ ఎంత, పాట్ ఎలా చీలాలి, ఎవరు గెలిచారు, అన్నీ అవే చెప్పేస్తాయి కాబట్టి నెలల తరబడి ఆడినవాళ్లకు కూడా బల్ల ముందు కూర్చుంటే ఏదీ తోచదు. దానికన్నా మేలైన సాధన: ఒక్కరే కూర్చుని ఐదు ముక్కలు పరిచి, వీటి మీద కుదరగల అతి పెద్ద హ్యాండ్ ఏదని వెతకడం. వేర్వేరు రంగుల్లో రాజు-రాణి-8-7-2 ఉన్నాయనుకోండి. ఒకే రంగువి మూడు లేవు కనుక ఫ్లష్ లేదు. జత పడలేదు కనుక ఫుల్ హౌస్ లేదు. స్ట్రెయిట్‌కు ఎలా చూసినా మూడు ముక్కలు తక్కువ. కాబట్టి చేతిలో రాజుల జత ఉన్నవాళ్లే మొనగాళ్లు. ఆ 2 బదులు 10 పెట్టి చూడండి, ఆసు-జాకీ ఉన్నవాళ్లు స్ట్రెయిట్‌తో ఆ మూడు రాజుల్నీ దాటేస్తారు. రోజూ ఇలా పది బోర్డులు చూస్తే చాలు.

డబ్బు పెట్టకుండానే నేర్చుకోవచ్చు, కానీ చిప్స్ అయిపోయినప్పుడల్లా ఉచితంగా మళ్లీ ఇస్తే ఎవరూ ఫోల్డ్ చేయరు, ఆట చచ్చిపోతుంది. అయిపోయినవాళ్లు లేచిపోవాలి. బ్లైండ్స్ 5/10తో తలా 1,000 ఇవ్వండి: 5వి ఇరవై, 25వి పన్నెండు, 100వి ఆరు. మనిషికి 38 చిప్స్, ఆరుగురికి 228, కాబట్టి 300 చిప్స్ పెట్టె సరిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి 10/20, 15/30, 25/50 అంటూ పెంచుకుంటూ పోతే రెండు గంటల అటూ ఇటూగా తేలిపోతుంది. ముక్కలు ప్లాస్టిక్‌వి, అంకెలు పెద్దగా అచ్చయినవి తీసుకోండి. కాగితం ముక్కల మూలలు మడతపడతాయి, ఆ మడత పడింది ఆసుకైతే అందరికీ తెలిసిపోతుంది.

ఆరుగురు ఉంటే ఆట బాగా సాగుతుంది. తొమ్మిది మంది దాటితే కొత్తవాళ్లు తమ వంతు కోసం చూసి చూసి విసుగెత్తిపోతారు. చివరికి ఇద్దరే మిగిలినప్పుడు వంతులు మారతాయి: బటన్ ఉన్నవాళ్లే స్మాల్ బ్లైండ్ పెట్టి, ఫ్లాప్‌కు ముందు తామే మొదట ఆడాలి, ఫ్లాప్ తర్వాత చివర ఆడాలి.