గుర్రం కొనడానికి జర్మనీ, హాలండ్: తిరిగిన ఊళ్ళు, దిగిన బసలు, నమ్మిన మనుషులు

గుర్రం కొనడానికి యూరప్ వెళ్తున్నామని చెబితే డల్లస్‌లో మనవాళ్ళు చాలామంది "టెక్సస్‌లో గుర్రాలకు కరువా?" అన్నారు. కరువేమీ లేదు. కానీ మా అమ్మాయి నేర్చుకుంటున్నది డ్రెస్సాజ్, అంటే చిన్న చిన్న సైగలతో గుర్రాన్ని లయగా నడిపించే స్వారీ. దానికి పనికొచ్చేవి వార్మ్‌బ్లడ్, అంటే స్వారీ పోటీల కోసం పెంచే జాతులు: హానోవేరియన్, ఓల్డెన్‌బర్గ్, వెస్ట్‌ఫాలియన్, డచ్ వార్మ్‌బ్లడ్. వాటి పుట్టిల్లు ఉత్తర జర్మనీ, హాలండ్. అమెరికాలో అలాంటి గుర్రం చూడాలంటే ఒక్కోదానికి ఒక్కో రాష్ట్రం విమానంలో వెళ్ళాలి. అక్కడైతే గంట దూరంలో నాలుగైదు శాలలు ఉంటాయి, గుర్రం పెరిగిన చోటు, పెంచిన మనిషి కళ్ళముందే ఉంటారు. ఇదే దారిలో వెళ్ళాలనుకునే కుటుంబాలకు పనికొస్తుందని మేం చూసినవన్నీ రాస్తున్నాను.

బయలుదేరే ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: గెల్డింగ్, అంటే విత్తులు కొట్టిన మగగుర్రమే కొనాలా అని. మా కోచ్ మొదటిరోజే అదే షరతు పెట్టింది. యూరప్ నుంచి అమెరికాకి వచ్చే రెండేళ్ళు దాటిన ఆడగుర్రాలకు, విత్తులున్న మగగుర్రాలకు సి.ఇ.ఎం. అనే సంక్రమణ వ్యాధి కోసం అదనపు క్వారంటైన్ ఉంటుంది. ఆడదానికి సుమారు రెండు వారాలు, మగదానికి దాదాపు నెల. దానికి వేల డాలర్లు అవుతాయి. గెల్డింగ్‌కి ఆ గొడవ లేదు. పదహారేళ్ళ పిల్లకి స్వభావం దృష్ట్యా కూడా గెల్డింగే నయం.

వీసా సంగతి చాలామంది ఆఖరికి వదిలేస్తారు. మా అమ్మాయిది అమెరికా పాస్‌పోర్టు, దానికి ఇబ్బంది లేదు. ఇండియన్ పాస్‌పోర్టులున్న నాకూ మావారికీ షెంగెన్ వీసా కావాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి కాబట్టి మాది జర్మనీ. బసలు ముందే బుక్ చేసుకుని, రద్దు చేసుకునే వీలున్నవే తీసుకున్నాం. గుర్రాల వేటలో రేపు ఏ ఊళ్ళో ఉంటామో ఈరోజు తెలియదు.

మొదటి మజిలీ వెర్డెన్. బ్రెమెన్‌కీ హానోవర్‌కీ మధ్య ఆలర్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. హానోవేరియన్ గుర్రాల సంఘం ఉన్నది ఇక్కడే, 1949 నుంచి వేలాలు జరుగుతున్నదీ ఇక్కడే. వేలానికి వచ్చే గుర్రాలను ముందుగానే తెచ్చి, సంఘం రైడర్లు స్వారీ చేస్తూ తయారుచేస్తారు. కొనేవాళ్ళు ముందే వెళ్ళి ఎక్కి చూడొచ్చు, ఎక్స్‌రేలు అడిగి మన డాక్టరుకు పంపొచ్చు. అంతా పద్ధతిగా ఉంది. ఏ గుర్రం గురించి అడిగినా ఆఫీసులో విసుక్కోకుండా చెప్పారు. అమ్మకందారు, డాక్టరు, రవాణా అన్నీ ఒకే కప్పు కింద ఉండటం మొదటిసారి వచ్చేవాళ్ళకు పెద్ద ఊరట.

అయినా మా పనికి వెర్డెన్ కుదరలేదు. అక్కడ మేం చూసినవి చాలావరకు మూడు, నాలుగు, అయిదేళ్ళ పిల్ల గుర్రాలు. ఒక నాలుగేళ్ళ నల్ల గుర్రం ట్రాట్‌లో, అంటే దుడుకు నడకలో, కాళ్ళు విసురుతుంటే హాలంతా కళ్ళప్పగించి చూసింది, మా అమ్మాయి కూడా. కోచ్ మాత్రం దాని చెవులే చూస్తోంది. చప్పట్లు వినపడ్డ ప్రతిసారీ అవి బిక్కచచ్చినట్టు వెనక్కి వాలుతున్నాయి. గుర్రమూ నేర్చుకునే వయసే, పిల్లా నేర్చుకునే వయసే అయితే ఇద్దరికీ చెప్పేవాళ్ళు రోజూ పక్కన ఉండాలి. మాకు అంత వీలు లేదు. పైగా వేలంలో కొట్టిన ధర మీద కమిషన్, దానిమీద పన్ను కూడా కలుస్తాయి. ఆ లెక్క ముందే కాగితం మీద వేసుకోకపోతే చెయ్యి పైకి లేచిపోతుంది. అనుభవమున్న రైడర్‌కి, లేత గుర్రం కావాలనుకునేవాళ్ళకి వెర్డెన్‌ని మించిన చోటు మేం చూడలేదు.

బస స్టేషన్ దగ్గరి చిన్న హోటల్లో. గది శుభ్రం, పొద్దున్న రొట్టె, చీజ్, గుడ్లు పుష్కలం. వేలం వారంలో గదులు దొరకవు, ధరా పెరుగుతుంది, నెలల ముందే చూసుకోవాలి. సాయంత్రం ఖాళీ దొరికితే గుర్రాల మ్యూజియం తప్పకుండా చూడండి. ఒక పూట కారులో సెల్లె కూడా వెళ్ళొచ్చాం. అక్కడి ప్రభుత్వ అశ్వశాలను 1735లో పెట్టారు. పాత బజారులో చెక్క చట్రాల ఇళ్ళ వరసలు చూస్తూ నడవడానికే ఒక పూట చాలదు.

ఓల్డెన్‌బర్గ్ వాళ్ళ కేంద్రం ఉన్న ఫెఖ్టాలో మాకు సరిపడేది కనపడలేదు, ఒక్క మధ్యాహ్నంతో సరిపెట్టాం.

తర్వాత హాలండ్, బ్రబాంట్ వైపు. పని వేగం కావాలంటే ఇదే. అందరికీ ఇంగ్లీషు వచ్చు, వాట్సాప్‌లో వీడియోలు నిమిషాల్లో వస్తాయి, పెద్ద శాలల్లో ఒకే పూట వరసగా అయిదారు గుర్రాలు ఎక్కి చూడొచ్చు. కాఫీ ఇస్తారు, బాగా మాట్లాడతారు. కానీ ఆ వేగమే నాకు నచ్చలేదు. గుర్రం మన ముందుకొచ్చేసరికే జీను కట్టి, చెమటలు పట్టేదాకా తిప్పి, సిద్ధంగా ఉంటుంది. ఒక చోట మేం చెప్పిన టైముకన్నా అరగంట ముందు చేరాం. గుర్రం మెడ మీద వెంట్రుకలు తడిసి అతుక్కుని ఉన్నాయి, జీను కింది గుడ్డ పిండితే నీళ్ళు కారేలా ఉంది. మా అమ్మాయి ఎక్కినప్పుడు గొర్రెపిల్లలా నడిచింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వస్తాం, శాలలోంచి నేరుగా తీసి ఎక్కుతాం అని అడిగితే, వేరే కొనుగోలుదారు వస్తున్నారని చెప్పి దాటేశారు. దాన్ని అక్కడితో వదిలేశాం. అన్ని శాలలూ అలా లేవు, రెండోసారి రమ్మని వాళ్ళే పిలిచినవాళ్ళూ ఉన్నారు. రెండోసారి చూడనివ్వని గుర్రానికి మాత్రం ఎంత ధర తగ్గించినా అడ్వాన్సు ఇవ్వొద్దు.

మధ్యవర్తుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొనేవాళ్ళ తరఫు ఏజెంటుకి ధరలో పది శాతం ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే. మాకు దొరికిన ఒకాయన మా దగ్గర అది మాట్లాడుకుని, అమ్మేవాళ్ళ దగ్గర ఇంకొంత ధరలో కలిపించుకున్నాడు. యజమాని భార్య మామూలు మాటల్లో అసలు ధర చెప్పడంతో బయటపడింది. ఆయనతో తిరగడం ఆరోజే ఆపేశాం. ఆ తర్వాత ప్రతి చోటా మూడు షరతులు పెట్టాం: యజమాని పేరుమీద రాసిన ఒప్పందం, డబ్బు నేరుగా యజమాని ఖాతాకే, కమిషన్ ఎవరికి ఎంతో అదే కాగితంలో. నిజాయితీపరులెవరూ దీనికి నొచ్చుకోలేదు.

మా గుర్రం దొరికింది మ్యూన్‌స్టర్ చుట్టుపక్కల పల్లెల్లో. జర్మన్ ఒలింపిక్ స్వారీ శిక్షణ కేంద్రం, 1826లో పెట్టిన ప్రభుత్వ అశ్వశాల రెండూ ఉన్న వారెన్‌డార్ఫ్ ఇక్కడికి దగ్గరే. అందుకే ఆ చుట్టుపక్కల ప్రతి రెండో ఇంటికీ ఒక గుర్రపుశాల ఉన్నట్టే ఉంటుంది. ఇక్కడ అమ్మేవాళ్ళలో రైతులు, సొంతంగా పెంచేవాళ్ళు ఎక్కువ. ఇంగ్లీషు అంతంతమాత్రం, కోచ్‌కి జర్మన్ రావడం వల్ల నెట్టుకొచ్చాం.

ఆ ఇంటి పెద్దాయన గుర్రాన్ని పచ్చికలోంచి బురద కాళ్ళతోనే పట్టుకొచ్చాడు. తాడు మా అమ్మాయి చేతికిచ్చి బ్రష్షు చూపించాడు. ఒళ్ళు తోమడం, నాలుగు గిట్టలూ ఎత్తి మట్టి గీకడం, జీను వెయ్యడం అన్నీ అమ్మాయే చేసింది. పొట్ట పట్టీ బిగించేటప్పుడు గుర్రం తల తిప్పి ఒకసారి చూసి, నోరు చప్పరించి ఊరుకుంది. వెనక కాలు ఎత్తేటప్పుడు మాత్రం కాస్త మొరాయించింది. పెద్దాయన అది దాచలేదు. లాడాలు కొట్టేవాడొచ్చినప్పుడు పక్కన ఒకరు నిలబడాలని ఆయనే చెప్పాడు. జేగురు రంగు, పదేళ్ళ గెల్డింగ్, భుజం దగ్గర ఎత్తు 168 సెంటీమీటర్లు. ట్రాట్ మామూలే, వేలంలో ఎవరూ తల తిప్పి చూడరు. కానీ మా అమ్మాయి తప్పుగా సైగ చేసినా కంగారు పడకుండా ఆగి, మళ్ళీ అడిగే దాకా చూసింది. మర్నాడు వానలో వెళ్ళాం, పక్కనే ట్రాక్టర్ తిరుగుతోంది. అప్పుడూ అదే తీరు.

గుర్రం గుడ్డిదైనా దానా తప్పదని మన పెద్దలు అన్నది ఊరికే కాదు. కుంటి గుర్రానికైనా నెలనెలా శాల అద్దె, మేత, లాడాల ఖర్చు తగ్గేది లేదు. అందుకే డాక్టరు పరీక్ష దగ్గర పొదుపు పనికిరాదు. అమ్మేవాళ్ళ గుర్రాలకు వైద్యం చేసే డాక్టరు వద్దని, దూరపు ఆసుపత్రిలో మేమే టైము తీసుకున్నాం. గుండె, ఊపిరితిత్తులు, కళ్ళు చూశాక, ఒక్కో కాలూ మడిచి కాసేపు పట్టుకుని, వదలగానే గట్టి నేల మీద పరిగెత్తించారు. జర్మనీలో 2018 నుంచి ప్రామాణిక ఎక్స్‌రేలు 18. పాత పద్ధతిలో వేసే ఒకటి, రెండు తరగతులు ఇప్పుడు లేవు. కాబట్టి "ఎక్స్‌రే ఫస్ట్ క్లాస్" అని ఎవరైనా చెబితే అది పాతకాలపు మాట అనుకోవాలి. వీపు ఎక్స్‌రేలు విడిగా అడిగి తీయించాం. నొప్పి మందులిచ్చి చూపించారేమో తర్వాత తేల్చుకోవడానికి రక్తం తీసి భద్రపరుస్తారు, అది వద్దనకండి. దీనికి ముందు మాకు బాగా నచ్చిన తొమ్మిదేళ్ళ గుర్రం ఒకటి వీపు ఎక్స్‌రే దగ్గరే ఆగిపోయింది. వెన్నుపూసలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. మా అమ్మాయి కారులో మ్యూన్‌స్టర్ దాకా ఏడ్చింది. డాక్టరు కొనమనీ వద్దనీ చెప్పలేదు, ఎంత ప్రమాదమో చెప్పి ఊరుకున్నాడు. ఆ నిర్ణయం మనదే.

ఇక్కడి బస అన్నిటికన్నా బాగుంది. రైతు ఇంటి పక్కన వంటగదితో ఉన్న అపార్ట్‌మెంట్, హోటల్ ధరలో సగమే. శాకాహారులకు ఇదే దారి. పల్లెల్లో హోటళ్ళ వంటగదులు రాత్రి త్వరగా మూసేస్తారు, వారంలో ఒకరోజు అసలు తెరవరు. ఆదివారం సూపర్ మార్కెట్లూ ఉండవు, శనివారమే పాలు, పెరుగు, కూరలు కొనిపెట్టుకోవాలి. బియ్యం దొరుకుతాయి. కందిపొడి, గోంగూర పచ్చడి, చిన్న కుక్కర్ మేం వెంట తీసుకెళ్ళాం. రోజంతా చలిగాలిలో శాలల చుట్టూ తిరిగొచ్చాక ఆ వేడన్నమే మమ్మల్ని నిలబెట్టింది. సొంతంగా కారు అద్దెకు తీసుకోవడం తప్పనిసరి. బస్సులు ఈ శాలల దాకా రావు. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు ఉండాలి.

రవాణాకి గుర్రాల విమానాలు చూసే ఏజెంటుని పెట్టుకున్నాం. అమెరికాలో దిగాక ప్రభుత్వ క్వారంటైన్‌లో దాదాపు మూడు రోజులుంచి రక్తం తీసి అయోవా రాష్ట్రం ఏమ్స్‌లోని ల్యాబ్‌కి పంపుతారు. పిడుదుల వల్ల వచ్చే పైరోప్లాస్మోసిస్, గ్లాండర్స్, డూరీన్, అశ్వాల అంటు రక్తహీనత, ఈ నాలుగింటిలో ఏది ఉన్నట్టు తేలినా గుర్రాన్ని దేశంలోకి రానివ్వరు. అందుకే పూర్తి డబ్బు కట్టకముందే రక్తం ఏమ్స్‌కి పంపి ముందస్తు పరీక్ష చేయించాం. ఏజెంటు అడగకుండానే ఈ సలహా ఇచ్చాడు, అందుకే అతన్ని ఎవరికైనా ధైర్యంగా చెబుతాను. విమానంలో ఒక పెట్టెలో మూడు గుర్రాలు ఎక్కిస్తే చవక, రెండే అయితే కాళ్ళు చాపుకుని నిలబడడానికి చోటు ఉంటుంది, మేం రెండోదే తీసుకున్నాం. జర్మనీలో అమ్మేది వ్యాపారి అయితే ధర మీద 19 శాతం పన్ను ఉంటుంది, గుర్రం యూరోపియన్ యూనియన్ దాటి వెళ్తే అది మినహాయిస్తారు. కానీ ఎగుమతి అయిన రుజువు కాగితం చేతికొచ్చే దాకా ఆ సొమ్ము ఆపి ఉంచేవాళ్ళున్నారు, ఆ గడువు ఒప్పందంలో రాయించుకోవాలి. మాది రైతు సొంత గుర్రం కాబట్టి ఆ లెక్క రాలేదు.

గుర్రం దిగిన న్యూయార్క్ నుంచి డల్లస్‌కి పదిహేను వందల మైళ్ళ పైమాట. లారీలో కట్టేసి నిలబెట్టే చోటు కాకుండా తిరగడానికి, పడుకోవడానికి వీలున్న పెద్ద గది అడగండి. ధర ఎక్కువే. మాది దారిలో ఒక రాత్రి దించి విశ్రాంతి ఇచ్చే బండి. గుర్రం జలుబు కూడా లేకుండా చేరింది. వచ్చాక ఒళ్ళు అలవాటు పడేదాకా స్వారీ చేయించలేదు, రోజూ చేత్తో పట్టుకుని నడిపించడమే.