రీఫ్ ట్యాంకు నీటి పరీక్ష: యంత్రమా, చేతి కిట్టా – ఏది మేలు?

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, తరచుగా చూడవలసినవి ముఖ్యంగా మూడు: ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, ఎక్కువగా కార్బొనేట్ల వల్ల కలిగేది), కాల్షియం, మెగ్నీషియం. వీటిని చుక్కల కిట్టుతో మనమే కొలుచుకోవచ్చు, లేదా నీటిని తనంతట తానే పరీక్షించే ట్రైడెంట్ వంటి యంత్రానికి అప్పగించవచ్చు. అయితే ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి బేరీజు వేయడం సరికాదని నా అభిప్రాయం.

గట్టి పగడాలు అస్థిపంజరం కట్టుకునేటప్పుడు కాల్షియాన్నీ కార్బొనేటునూ దాదాపు స్థిరమైన నిష్పత్తిలో వాడుకుంటాయి. ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) తగ్గేసరికి కాల్షియం లీటరుకు సుమారు 20 మిల్లీగ్రాములే తగ్గుతుంది. 8 డీకేహెచ్ ఉన్న నీటిలో 2.8 పోయిందంటే మూడో వంతుకు పైగా పోయినట్టు. 420 మిల్లీగ్రాముల కాల్షియంలో 20 తగ్గితే మామూలు కిట్టు దాన్ని పట్టుకోవడమే కష్టం. 1,300 దగ్గర ఉండే మెగ్నీషియం ఇంకా నెమ్మదిగా కదులుతుంది. కాబట్టి రోజూ కొలవడం వల్ల ప్రయోజనం ఉండేది ఆల్కలినిటీకి మాత్రమే. తక్కిన రెండింటికీ చేతి కిట్టు చాలు.

ఆ ఒక్క విషయంలో మాత్రం యంత్రానిదే పైచేయి. వారానికొకసారి చేసే పరీక్ష ఆ పూట అంకెను చెబుతుంది. రోజుకు నాలుగుసార్లు కొలిచే యంత్రం అంకె ఎటు పోతున్నదో చెబుతుంది, తరిగిన లవణాలను కొద్దికొద్దిగా ట్యాంకులో పోసే డోసింగ్ పంపు ఆగిపోయిన సంగతినీ త్వరగా బయటపెడుతుంది. రంగు మారిందా లేదా అని ట్యూబులైటు కింద కళ్లు చిట్లించే పని కూడా తప్పుతుంది. (ఈ చివరి సౌకర్యమొక్కటే కావాలనుకుంటే రంగును తానే చదివి అంకె చూపే డిజిటల్ కలరీమీటరు చాలా తక్కువ ఖర్చుతో దొరుకుతుంది.)

ఇక చిక్కుల సంగతి. యంత్రం నిలకడగా ఒకే అంకె చూపినంత మాత్రాన ఆ అంకె సరైనదని కాదు. ప్రామాణిక ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూడాలి. దాని రీడింగుకే డోసింగును ముడిపెట్టి, రోజువారీ గరిష్ఠ పరిమితి పెట్టకపోతే, ఒక్క తప్పుడు కొలత ట్యాంకును ముంచుతుంది. యంత్రం పరీక్షకు వాడే రసాయనాలు (రీజెంట్లు) దిగుమతి సరుకు. పార్సిలు ఆలస్యమైతే పరీక్షలు ఆగిపోతాయి. హైదరాబాదు ఎండాకాలంలో మరో మెలిక ఉన్నది: నీరు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు గనుక, లవణీయతతో పాటు ఆల్కలినిటీ కూడా పెరుగుతుంది. ఆల్కలినిటీ ఒక్కటే చూసే యంత్రానికి ఆ కారణం తెలియదు. రిఫ్రాక్టోమీటరుతో లవణీయత చూసి, తరిగిన మేరకు ఆర్వో నీరు (లవణాలు వడకట్టిన నీరు) కలపడం ముందుగా జరగాలి. దానికి బదులు బోరు నీరు పోస్తే, ఆ నీటి కాఠిన్యం ఈ లెక్కనంతా తారుమారు చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, మన ట్యాంకులో ఏముందన్నది. మన దేశంలో గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రాల నుంచి తీసినవాటిని కొనడం, అమ్మడం నేరం. ఈ కారణంగా జాగ్రత్తపరులు జోయాంథిడ్లు, మష్రూములు, లెదర్ పగడాలు వంటి, గట్టి అస్థిపంజరం కట్టని మెత్తని రకాలతో సరిపెట్టుకుంటారు. వీటి ఆల్కలినిటీ వాడకం స్వల్పం. క్రమం తప్పక నీరు మార్చేవారికి డోసింగే అక్కర్లేకపోవచ్చు. అటువంటి ట్యాంకుకు ఖరీదైన యంత్రం దండగ.

చట్టబద్ధంగా తెచ్చుకున్న గట్టి పగడాలు నిండుగా ఉండి, ఉద్యోగరీత్యా తరచుగా ఊళ్లు తిరిగేవారికి యంత్రం మేలే. వారైనా ఆల్కలినిటీ ఒక్కటే కొలిచే రకాన్ని ఎంచుకుని, మొదటి నెల డోసింగుకు కలపకుండా, వారం వారం చేతి కిట్టుతో పోల్చి చూసుకోవడం మంచిది.