వంగిన ఫ్యాన్ రెక్కలు: సరిచేయాలా, మార్చాలా?

చెన్నైలో ఇల్లు మారాక ఫ్యాన్ ఊగడం మొదలైతే చాలామంది మోటారును అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు మోటారుది కాదు, సామాన్ల బండిలో మంచం కిందో బీరువా కిందో నలిగిన రెక్కది.

ఏం చేయాలో తేల్చుకునే ముందు వంకర ఎక్కడుందో చూడాలి. ఎంసీబీ (కరెంటు బోర్డులోని మెయిన్ స్విచ్) ఆపి, స్క్రూలన్నీ బిగించండి. ఫ్యాన్‌ని చేత్తో తిప్పుతూ, ఒక్కో రెక్క కొనను ఒకే చోటికి తెచ్చి, అక్కడి నుంచి సీలింగ్ ఎంత దూరమో టేపుతో కొలవండి. ఒక రెక్క మాత్రం కిందికి దిగి ఉంటే, దాన్ని మోటారుకు కలిపే ఇనప పట్టీ వంగి ఉండొచ్చు. ఆ పట్టీని మోటారు దగ్గర పట్టుకుని కొద్దికొద్దిగా పైకి ఒత్తి, మళ్లీ కొలిస్తే చాలు. దీనికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు.

వంకర రెక్క రేకులోనే ఉంటే మాత్రం నేను చేత్తో సరిచేయమనను. మడత పడిన అల్యూమినియం రేకును అటూ ఇటూ వంచితే అక్కడే చీలుతుంది. మామూలు 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ నిమిషానికి 350 సార్లు తిరిగితే రెక్క కొన వేగం గంటకు దాదాపు 80 కిలోమీటర్లు. కింద పిల్లలు పడుకుంటారు మరి! చెక్క రెక్కలైతే సముద్రపు తేమకు మెలితిరిగాక మామూలుగా మళ్లీ దారికి రావు.

రెక్క మీద రూపాయి బిళ్ల పెట్టి టేపు అంటించడం బరువు తేడాకు మందు, వంకరకు కాదు. ఊగడం తగ్గినా గాలి సరిగా రాదు.

రేకు పాడైతే అదే మోడల్ రెక్కల సెట్టు కొనడం మేలు. మూడూ మార్చాలి. ఒక్కటే మారిస్తే బరువు, వంపు కలవక మళ్లీ ఊపే. పాత రెక్కను షాపుకు పట్టుకెళ్లి స్క్రూ రంధ్రాలు సరిపోల్చుకోండి. అద్దె ఇంటి ఫ్యాన్ అయితే ఓనరుకు ముందే ఓ మాట చెప్పడం మంచిది, అడ్వాన్సు దగ్గర గొడవ ఉండదు.

సెట్టు దొరకకపోతేనో, మోటారు కూడా ముసలిదైతేనో తక్కువ కరెంటుతో నడిచే కొత్త బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాన్ గురించి ఆలోచించాలి. పాతది 75 వాట్లు లాగితే ఇది సుమారు 30. రోజుకు 15 గంటలు తిరిగే చెన్నై ఇంట్లో రెండు నెలల బిల్లులో ఒక్కో ఫ్యాన్‌కు 40 యూనిట్లు మిగులుతాయి. బెంగళూరులో చలికాలం ఫ్యాన్ ఆపేసేవాళ్లకు ఈ లెక్క ఇంత లాభంగా ఉండదు. కొత్తది బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటరును తప్పించి నేరుగా స్విచ్‌కి కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. వీటి వేగం ఎక్కువగా రిమోటుతోనే మారుతుంది.