చికాగో హాట్ డాగా, న్యూయార్క్ హాట్ డాగా: ఏది మేలు?

వేసవి మొదలైందంటే మా ఇంటికి చుట్టాల రాక మొదలవుతుంది. ముందు న్యూయార్క్‌లో దిగి, నయాగరా చూసుకుని, చివరికి చికాగో శివార్లలో ఉన్న మా ఇంటికి చేరేసరికి వాళ్లు దారిలో రొట్టె మధ్య మాంసపు సాసేజ్ పెట్టి ఇచ్చే హాట్ డాగ్ ఒకటైనా తిని ఉంటారు. ఇక్కడ ఇంకొకటి తిన్నాక ప్రతి ఏడూ అదే ప్రశ్న వస్తుంది: "ఇంతకీ ఏ ఊరిది బాగుంటుంది బావా?" ఇన్నేళ్లూ రెండూ బాగుంటాయని చెప్పి తప్పించుకున్నాను. మొన్న జులై 4న పెరట్లో రెండు రకాలూ పక్కపక్కన పెట్టి తిన్న తరువాత ఇక తప్పించుకోవలసిన పని లేదనిపించింది.

న్యూయార్క్ పక్షాన్ని ముందు వినడం న్యాయం, వయసులో అదే పెద్దది కనుక. జర్మనీ నుంచి వలస వచ్చిన చార్లెస్ ఫెల్ట్‌మన్ 1867 ప్రాంతంలో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్ తీరాన బండి మీద సాసేజ్‌ను రొట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆయన దగ్గర పనిచేసిన పోలండ్ వలసదారు నేథన్ హ్యాండ్‌వర్కర్ 1916లో సొంతంగా దుకాణం తెరిచి, పాత యజమాని 10 సెంట్లకు అమ్ముతున్నదానిని 5 సెంట్లకే ఇచ్చి జనాన్ని తన వైపు తిప్పుకున్నాడు. ఈనాటికీ ఆ నగరంలో బండివాడు వేడినీళ్లలో తేలుతున్న సాసేజ్‌ను పైకి తీసి, మెత్తని రొట్టెలో పెట్టి, ముదురు రంగు మస్టర్డ్ రాసి, పులియబెట్టిన క్యాబేజీనో టమాటా రసంలో మగ్గిన ఉల్లిపాయలనో వేసి నిమిషంలో చేతికిస్తాడు. ఆ మస్టర్డ్ మన వంటింటి ఆవాల జాతి గింజలతో చేసినది కనుక, ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిన్నప్పటి ఘాటే సర్రున ముక్కుకెక్కుతుంది. చికాగోలో వేసే పచ్చటి మస్టర్డ్ తెల్ల ఆవాలతో చేసి, రంగు కోసం పసుపు కలిపిన సాధుజీవి. ఈ ఒక్క విషయంలో నా ఓటు న్యూయార్క్‌కే.

చికాగో కథ 1893 నాటిది. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగిన ఏడాదే, ఆ మహాసభకు ఆలంబనగా నిలిచిన ప్రపంచ ప్రదర్శనలోనే, ఆస్ట్రియా-హంగరీ నుంచి వచ్చిన ఇద్దరు వలసదారులు తమ సాసేజ్‌లు అమ్మి వియన్నా బీఫ్ సంస్థకు పునాది వేశారు. 1929 తరువాతి ఆర్థిక మాంద్యంలో కూరగాయలు దండిగా వేసి, చవకలో ఒక పూట గడిచేలా అమ్మడంతో ఇప్పటి రూపం స్థిరపడిందని ఇక్కడివారు చెప్పుకుంటారు. గసగసాలు అద్దిన రొట్టెను ఆవిరి మీద వేడిచేసి, అందులో సాసేజ్, మస్టర్డ్, కళ్లు చెదిరే ఆకుపచ్చ రెలిష్ (సన్నగా తరిగిన కీరాల తియ్యటి ఊరగాయ), పచ్చి ఉల్లిపాయ ముక్కలు, టమాటా, నిలువుగా కోసిన కీరా ఊరగాయ, వెనిగర్‌లో ఊరిన చిన్న మిరపకాయలు వేసి, చివరగా సెలరీ గింజల పొడి కలిపిన ఉప్పు చల్లుతారు. "తోటంతా ఈడ్చుకొచ్చినట్టు" అని వాళ్లు దానిని ముద్దుగా అంటారు.

నా దృష్టిలో తీర్పు తేల్చేది సాసేజ్ కాదు, దాని మీద వేసేవి. రెండు ఊళ్లలోనూ అది గొడ్డుమాంసంతో చేసినదే. నాణ్యమైనది దొరికితే పన్ను పడగానే తొక్క పుటుక్కుమనడంలోనూ, మాంసం రుచిలోనూ పెద్ద తేడా కనిపించదు. ఆ మాంసం నేను తింటాను, మా ఆవిడ తినదు. మన ఇళ్లలో తినని వారే ఎక్కువ. అందుకే మొన్న కోడిమాంసపు సాసేజ్‌లు తెచ్చి రెండు పద్ధతుల్లోనూ చేశాము. న్యూయార్క్ రకం ఒక్కసారిగా చప్పబడిపోయింది, ఎందుకంటే ఆ ఘాటు మస్టర్డ్, ఆ పులిసిన క్యాబేజీ ఉన్నవి కొవ్వుపట్టిన మాంసం వెగటును విరవడానికి. విరవవలసిన వెగటు లేనప్పుడు వాటికి పని లేదు. చికాగో రకానికి మాత్రం దాదాపు ఏ లోటూ రాలేదు. చికాగోలో పుట్టిన పోర్టిల్లోస్ అనే హోటళ్ల సంస్థ 2022లో మాంసమే లేని సాసేజ్‌తో ఇదే తోటను పేర్చి అమ్మకానికి పెట్టినప్పుడు నాకు ఆశ్చర్యం కలగకపోవడానికి కారణం ఇదే.

అయితే ఈ తీర్పులో నిష్పాక్షికత ఎంత అని అడిగితే ఒక సంగతి ఒప్పుకోవాలి. తెనాలిలో మా చిన్నతనంలో సాయంత్రం బడి వదిలాక వీధి మలుపులో ఒక బజ్జీల బండి ఉండేది. వేడి మిరపకాయ బజ్జీని నిలువునా చీల్చి, లోపల సన్నగా తరిగిన ఉల్లిపాయలు కూరి, ఉప్పూ కారం చల్లి, నిమ్మకాయ పిండి కాగితంలో పెట్టి ఇచ్చేవాడు. శనగపిండి మెత్తదనం, వాము వాసన, పచ్చి ఉల్లి కరకర, పులుపు, ఆ వెనుక నెమ్మదిగా అందుకునే మంట, ఈ వరుస అప్పుడే నాలుకకు అలవాటైపోయింది. చికాగోకు వచ్చిన మొదటి శీతకాలంలో ఒక చిన్న దుకాణం ముందు నిలబడి చేతి తొడుగులు తీసి తిన్న హాట్ డాగ్‌లో ఆ వరుసంతా ఉంది. సెలరీ గింజలకు వాము రుచి లేదు గాని, వామూ జీలకర్రా ధనియాలూ ఏ కుటుంబానికి చెందినవో అవీ ఆ కుటుంబానివే. ఇక్కడ పుట్టి పెరిగిన మా సహోద్యోగులకు పదేళ్ల వయసులో నాన్నతో బేస్‌బాల్ ఆటకు వెళ్లి తిన్నదే గొప్పది. నాకు అటువంటి నాన్న జ్ఞాపకం ఏదీ లేదు కనుక బజ్జీ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. న్యూయార్క్‌లో దిగి ఉంటే ఏమనేవాణ్ణో తెలియదు గాని, కోడిమాంసంతో చేసిన పరీక్షకు బజ్జీతో సంబంధం లేదు.

చికాగో రకానికి లోపాలు లేకపోలేదు. నడుస్తూ తినడం అసాధ్యం. టమాటా ముక్క జారుతుంది, మిరపకాయ దొర్లుతుంది, పది నిమిషాలు ఆలస్యమైతే రొట్టె తడిసి ముద్దవుతుంది. రైలు పట్టుకోవలసినవారికీ తెల్లచొక్కా వేసుకున్నవారికీ న్యూయార్క్ పద్ధతే క్షేమం.

మిగిలినవాటిని గురించి రెండు మాటలు చాలు. గ్రీకు వలసదారులు డెట్రాయిట్‌లో స్థిరపరచిన కోనీ రకం మీద చిల్లీ అనే గొడ్డుమాంసపు కూర పోస్తారు, గొడ్డుమాంసం తినని వారు అక్కడితో ఆగిపోవచ్చు. బేకన్ చుట్టి, చిక్కుడు గింజలూ పచ్చిమిర్చి సల్సా వేసే సోనోరా రకం అరిజోనాలోని టూసాన్ వెళ్లినప్పుడు తప్పక తినదగినది. సియాటిల్‌వారు క్రీమ్ చీజ్ పూస్తారు, వారి ఇష్టం. టోకు సరుకుల దుకాణం కాస్ట్‌కోలో 1.50 డాలర్లకు వచ్చేది ఆకలికి, పోటీకి కాదు.

ఇక కెచప్. చికాగోలో పెద్దవారు హాట్ డాగ్ మీద కెచప్ అడిగితే దుకాణదారు మొహం మారుతుంది. హాట్ డాగ్ తయారీదారుల జాతీయ మండలి సైతం 18 ఏళ్లు దాటాక కెచప్ వేసుకోరాదని తన మర్యాదల పట్టికలో రాసిపెట్టింది. మొన్న నేను ఇంత తోటను పేర్చి ఇస్తే మా అమ్మాయి ఉల్లిపాయలూ మిరపకాయలూ ఏరి పక్కన పెట్టి, ఎర్రగా కెచప్ పిండుకుని రెండు తిన్నది. దానికిప్పుడు 12 ఏళ్లు. మండలి లెక్కన ఇంకా ఆరేళ్ల గడువుంది.