రియాక్టరంటే వణుకు, బొగ్గు పొగంటే అలవాటు

బొగ్గు పొగ కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తగులుతుంది. అయినా దానికి ఎవరూ పెద్దగా టెన్షన్ పడరు. అణు రియాక్టర్ల నుంచి వచ్చే రేడియేషన్‌కు రంగూ వాసనా లేవు. రేడియేషన్‌ను కొలిచే గైగర్ కౌంటర్ టిక్కుటిక్కుమంటే తప్ప తెలియదు. భయం అక్కడే మొదలవుతుంది. పైగా అణువనగానే హిరోషిమా గుర్తొస్తుంది.

యూనిట్ కరెంటుకు లెక్కేస్తే అణు విద్యుత్తు కన్నా బొగ్గు తీసే ప్రాణాలే వందల రెట్లు ఎక్కువ. కానీ ఆ చావులు ఒక్కొక్కటిగా, ఆస్పత్రి మంచాల మీద, చప్పుడు లేకుండా జరుగుతాయి. రియాక్టర్ పేలిన చెర్నోబిల్ ప్రమాదానికి మాత్రం ఒక పేరుంది, 1986 అనే తేదీ ఉంది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదంలో రేడియేషన్ కన్నా హడావిడి తరలింపే ఎక్కువమందిని, ముఖ్యంగా ముసలివాళ్లను, బలి తీసుకుంది.

అలాగని ఈ భయాన్ని కొట్టిపారేయలేం. వాడేసిన ఇంధనం వేల ఏళ్లు ప్రమాదకరమే. జర్మనీ మాత్రం 2023లో చివరి మూడు రియాక్టర్లు ఆపేసి, బొగ్గు ప్లాంట్లను ఇంకా నడిపిస్తూనే ఉంది!